పొంగే పిండికి కొలత

దివిసీమ వంటిళ్లలో దిబ్బరొట్టె కాల్చే మూకుడులోనైనా, క్రిస్మస్ దగ్గరపడినప్పుడు కేకు కాల్చే అల్యూమినియం గిన్నెలోనైనా పిండిని అంచు దాకా పోయరు. కొంత వెలితి ఉంచి పోస్తారు, ఆ వెలితి ఎంత ఉండాలన్నది పొయ్యి వెలిగించకముందే నిర్ణయమైపోతుంది. చూడడానికి చిన్నదైన ఈ నిర్ణయంలో తత్త్వశాస్త్రం పట్టించుకోవలసిన ప్రశ్న ఒకటి ఉంది. కొలిచేది పిండిని, కావలసింది రొట్టె. పిండి కళ్లెదుట ఉంది, రొట్టె ఇంకా పుట్టనేలేదు. పుట్టని వస్తువుకు తగినట్టుగా ఉన్న వస్తువును కొలవడం ఎలా సాధ్యం, ఆ కొలతకు ప్రమాణం, అంటే సరైన జ్ఞానాన్నిచ్చే ఆధారం, ఎక్కడ ఉంది: పిండిలోనా, గిన్నెలోనా, శాస్త్రవాక్యంలోనా, కొలిచే మనిషి బుద్ధిలోనా? వైదిక కర్మకాండ, న్యాయవైశేషికాలు, బౌద్ధుల వినయం, బైబిలు ఈ ప్రశ్నకు చాలా దగ్గరగా వచ్చాయి. వాటిలో ఒక్క వైదిక గ్రంథమైతే సరిగ్గా ఈ ప్రశ్ననే, రొట్టె విషయంలోనే వేసుకుని జవాబు చెప్పింది.

కృష్ణానది పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలి సముద్రం వైపు సాగుతుంటే వాటి నడుమ ఉన్న నేల దివిసీమ, దానికి కేంద్రం అవనిగడ్డ. వరి కోసిన మాగాణుల్లో మినుము పండే ఈ డెల్టాలో బియ్యమూ మినుమూ కలిసిన దిబ్బరొట్టె ఇష్టమైన ఫలహారం కావడం సహజం. ఒక వంతు మినప్పప్పును నానబెట్టి గట్టిగా రుబ్బి, కడిగి పిండిన బియ్యపు రవ్వను రెండు వంతులు కలిపి, అడుగు మందంగా ఉన్న మూకుడులో నూనె ధారాళంగా పోసి, ఆ పిండిని సుమారు రెండు వేళ్ల మందాన సర్ది, మూతపెట్టి సన్నసెగ మీద ఓపికగా కాలుస్తారు. మందం బాగా తగ్గితే అది అట్టయిపోతుంది. బాగా పెరిగితే అడుగు మాడేసరికి కూడా నడుమ పచ్చిగానే ఉంటుంది, మూకుడు అంచున కరకరలాడే ఎర్రని పొరకూ లోపలి మెత్తదనానికీ ఉండవలసిన పొత్తు చెడిపోతుంది. కాబట్టి వండేవారు ముందుగా నిశ్చయించుకునేది మందాన్ని, పిండి పాళ్లు ఆ తరువాతే వస్తాయి. గ్యాసు పొయ్యి మీదే కేకు కాల్చే ఇళ్లలోనూ వరుస ఇదే: కుక్కరు మూతకున్న రబ్బరూ విజిలూ తీసేసి, అడుగున ఇసుకో ఉప్పో పోసి వేడెక్కించి, లోపల పెట్టే గిన్నెలో సగం వరకు, మహా అయితే మూడింట రెండు వంతుల వరకు పిండి పోస్తారు.

ఈ లెక్కలో మనిషి కన్ను తరచు పొరబడే చోటు ఒకటుంది. 6 అంగుళాల గుండ్రని గిన్నె బదులు 8 అంగుళాల గిన్నె తీసుకుంటే పెరిగింది రెండంగుళాలే అనిపిస్తుంది. కాని అడుగు వైశాల్యం సుమారు 28 చదరపు అంగుళాల నుంచి 50కి పెరుగుతుంది, అంటే అదే మందం రావాలంటే పిండి దాదాపు రెట్టింపు కావాలి. 8 అంగుళాల వెడల్పు, 2 అంగుళాల ఎత్తు ఉన్న గుండ్రని గిన్నె అంచు దాకా నింపితే సుమారు 1,650 మిల్లీలీటర్లు పడుతుంది. అందులో పోయదగిన పిండి 820 నుంచి 1,100 మిల్లీలీటర్ల దాకా. గిన్నె హృదయాకారంలోనో పువ్వు ఆకారంలోనో ఉండి సూత్రానికి లొంగకపోతే, దాన్ని నీళ్లతో నింపి ఆ నీళ్లను గ్లాసుతో కొలిచి చూడడం అన్నిటికన్నా నమ్మదగిన మార్గం. ఇక 8 అంగుళాల చదరపు గిన్నెకు కలిపిన పిండిని గుండ్రని గిన్నెలో పోయాలంటే 9 అంగుళాల గిన్నె కావాలి, ఎందుకంటే రెండింటి అడుగు వైశాల్యం ఇంచుమించు 64 చదరపు అంగుళాలే.

చతురస్రానికి సమానమైన వృత్తం ఏది అన్న ఈ చివరి లెక్క భారతదేశంలో మొదట యజ్ఞశాలలో పుట్టింది. గార్హపత్య, ఆహవనీయ, దక్షిణాగ్నులనే మూడు అగ్నుల స్థానాలు వరుసగా వృత్తంగా, చతురస్రంగా, అర్ధవృత్తంగా ఉండాలి, కాని వాటి వైశాల్యం మాత్రం ఒకటే కావాలి. శ్యేనచితి, అంటే డేగ ఆకారంలో ఇటుకలతో పేర్చే వేదిక, మామూలు చతురస్రపు అంగాలతో పేర్చిన వేదికకు వైశాల్యంలో ఏమాత్రం తేడా రాకుండా ఏడున్నర చదరపు పురుషులు ఉండాలి. పురుషుడంటే ఇక్కడ యజమాని చేతులెత్తి నిలిచినప్పటి నిలువు కొలత, 120 అంగుళులు. రూపం మారినా పరిమాణం మారకూడదన్న ఈ నియమాన్ని సాధించడానికి తాళ్లతో కొలిచే పద్ధతులను చెప్పిన గ్రంథాలే శుల్బసూత్రాలు. తెలుగునాట వైదిక కుటుంబాల్లో ఎక్కువమంది అనుసరించేది ఆపస్తంబ సూత్రం కనుక కృష్ణాతీరపు శ్రౌత సంప్రదాయానికి ఆపస్తంబ శుల్బసూత్రమే దగ్గరిది. చతురస్రం నడిమి నుంచి మూల దాకా తాడు చాచి, దాన్ని భుజం వైపు తిప్పితే భుజాన్ని దాటి ఎంత బయటికి వస్తుందో అందులో మూడో వంతును సగం భుజానికి కలిపి వృత్తం గీయాలని ఆ సూత్రం చెబుతుంది. భుజం 8 అనుకుని ఈ లెక్క చేస్తే వృత్తం వ్యాసం సుమారు 9.1 వస్తుంది, నేటి గణితం ప్రకారం రావలసింది 9.03. యజ్ఞం కోసం తాడు పట్టిన ఆచార్యులు రెండువేల ఏళ్లకు పూర్వమే ఇంత దగ్గరికి చేరడం గర్వించదగిన విషయం.

అయితే వైశాల్యం తెలిసినంత మాత్రాన సమస్య తీరదు. వేదికలో పేర్చిన ఇటుక పేర్చినంతే ఉంటుంది; గిన్నెలో పోసిన పిండి పోసినంతే ఉండదు. పొంగడాన్ని అర్థం చేసుకోవడానికి వైశేషిక దర్శనం అద్భుతంగా ఉపకరిస్తుంది. ఆ దర్శనంలో పరిమాణం ద్రవ్యాన్ని ఆశ్రయించి ఉండే ఒక గుణం. 17వ శతాబ్దికి చెందిన తెలుగు పండితుడు అన్నంభట్టు తన తర్కసంగ్రహంలో దాన్ని అణువు, మహత్తు, దీర్ఘం, హ్రస్వం అని నాలుగు విధాలుగా చెప్పాడు. పుట్టిన వస్తువు పరిమాణానికి వైశేషికులు మూడు కారణాలు చూపించారు: అవయవాల సంఖ్య, అవయవాల పరిమాణం, ప్రచయం. ప్రచయమంటే అవయవాలు ఒకదానికొకటి వదులుగా కూడి ఉండడం. దీనికి వారిచ్చే ఉదాహరణ దూదిపింజ. దూదిని ఏకితే కొత్త దూది ఏమీ చేరదు, ఉన్న పోగుల పరిమాణమూ పెరగదు, అయినా పింజ పెద్దదవుతుంది. పిండిలో జరిగేదీ ఇదే. రుబ్బి ఉంచిన మినపపిండిలో సూక్ష్మజీవులు పుట్టించే కార్బన్ డయాక్సైడు వాయువును మినుములోని జిగురు పట్టి ఉంచుతుంది, కేకుపిండిలో అదే వాయువును వంటసోడా విడుదల చేస్తుంది, గిలక్కొట్టేటప్పుడు చిక్కుకున్న గాలి వేడికి వ్యాకోచిస్తుంది. ద్రవ్యం అంతే ఉండగా దాని అమరిక వదులై రొట్టె పెరుగుతుంది. వాయువుల పేర్లు తెలియని కాలంలో పొంగడానికి కారణం అవయవాల కూర్పులో ఉందని గుర్తించిన ఆ చూపు ఎంతో నిశితమైనది.

ఇదే దర్శనం బరువును, అంటే గురుత్వాన్ని, పరిమాణం నుంచి వేరు చేసి 24 గుణాలలో మరొకటిగా లెక్కించింది. వంటింట్లో చాలా తికమకలకు మూలం ఈ రెండు గుణాలను ఒకటిగా భావించడమే. గిద్దలు నాలుగు సోల, సోలలు రెండు తవ్వ, తవ్వలు రెండు మానిక అని పాతకాలం వారు కొలిచింది పరిమాణాన్ని; త్రాసు కొలిచేది గురుత్వాన్ని. గుల్లగా పోసిన మైదా, అదిమి నింపిన మైదా ఒకే గ్లాసులో వేరువేరు బరువులు తూగుతాయి, ఎందుకంటే రెండు చోట్లా ప్రచయం వేరు. బేకరీలో అరకిలో కేకనీ కిలో కేకనీ అమ్మేది బరువును బట్టి, గిన్నెలో పట్టేది మాత్రం పరిమాణాన్ని బట్టి. బరువు తెలిసినంతలో పరిమాణం తెలియదు.

ఇక్కడ సాంఖ్యులకూ నైయాయికులకూ మధ్య ఉన్న ప్రసిద్ధమైన వివాదం వంటింటి గుమ్మంలోకి వస్తుంది. కార్యం, అంటే పుట్టబోయే వస్తువు, నువ్వుల్లో నూనెలా కారణంలో ముందే దాగి ఉంటుందన్నది సాంఖ్యుల సత్కార్యవాదం. కార్యం పుట్టకముందు లేదనీ, కారణసామగ్రి కూడినప్పుడు కొత్తగా పుడుతుందనీ చెప్పేది న్యాయవైశేషికుల అసత్కార్యవాదం. మొదటి వాదం ప్రకారం రొట్టె ఎత్తు పిండిలో ముందే ఉంది, గిన్నెలోని వెలితి అది బయటపడడానికి వదిలిన చోటు. రెండవ వాదం ప్రకారం ఆ ఎత్తు ఇంకా ఎక్కడా లేదు. ఒకే పిండిని రెండు భాగాలు చేసి ఒకదాన్ని వెంటనే, మరొకదాన్ని సోడా శక్తి చచ్చాక కాలిస్తే రెండు ఎత్తులు వస్తాయి. సెగ మారితే మూడో ఎత్తు వస్తుంది. అభివ్యక్తికి సహకారికారణాలు కావాలని సాంఖ్యులు సమాధానం చెప్పవచ్చు, ఆ సమాధానంలో తప్పు లేదు. అయినా కొలిచేవారికి దానివల్ల ఒరిగేది లేదు, ఎందుకంటే దాగి ఉన్న ఎత్తు ఎంతో కొలిచే సాధనం ఏదీ సాంఖ్యం ఇవ్వదు. ఈ ఒక్క విషయంలో వైశేషికుల పక్షమే బలంగా కనిపిస్తుంది. పిండి పోసేవారు చేసేది ఉన్నదాన్ని చూడడం కాదు, లేనిదాన్ని అంచనా వేయడం. అనుభవంలో పదేపదే చూసిన కార్యకారణ సంబంధాన్ని, శాస్త్రభాషలో వ్యాప్తిని, ఆధారం చేసుకుని రాబోయేదాన్ని ఊహించే అనుమానప్రమాణం అది. ఆ అంచనా తప్పవచ్చు కనుకనే వెలితిని కొంచెం ఎక్కువగా ఉంచుతారు.

అంచనా వేసే పని శాస్త్రానిదా, మనిషిదా అన్న ప్రశ్నకు అతి స్పష్టమైన చర్చ పురోడాశం విషయంలో దొరుకుతుంది. పురోడాశమంటే దర్శపూర్ణమాసాలనే అమావాస్య, పౌర్ణమి యాగాలలో దేవతలకు సమర్పించే రొట్టె. వరిపిండితో గాని యవలపిండితో గాని చేస్తారు. ఈ రెంటిలో ఏదైనా సరే అన్న స్వేచ్ఛనే మీమాంసకులు వికల్పానికి ప్రసిద్ధ ఉదాహరణగా చెబుతారు. దీన్ని కపాలాలు, అంటే చిన్న కుండపెంకులు, పక్కపక్కన పేర్చి వాటి మీద కాలుస్తారు: పౌర్ణమినాడు అగ్నికి 8 కపాలాల మీద, అగ్నీషోములకు 11 కపాలాల మీద. ఈ సంఖ్యలు ఆకలిని బట్టి వచ్చినవి కావు. గాయత్రీ పాదానికి 8 అక్షరాలు, త్రిష్టుప్పు పాదానికి 11 అక్షరాలు అన్న పొత్తును బట్టి వచ్చినవి. ధాన్యం మాత్రం ఒక్కో దేవతకు నాలుగేసి పిడికిళ్లే తీస్తారు, మూడు పిడికిళ్లు మంత్రంతో, నాలుగవది మౌనంగా. దంచి, చెరిగి, రుబ్బురాతి మీద పిండి చేసి, వేడినీళ్లతో కలిపి ముద్ద చేసి, కపాలాల మీద పెట్టి చేత్తో పరుస్తారు. గిన్నె కొలత ఛందస్సు నుంచి వచ్చింది, పిండి కొలత పిడికిలి నుంచి వచ్చింది. ఆ రెండూ ఒకదానికొకటి ఎలా సరిపోవాలన్నది పరిచే చేతి మీద పడింది.

పరిచేటప్పుడు చదివే మంత్రం ఆ రొట్టెను విశాలంగా వ్యాపించమని, దానితోపాటు యజమాని కూడా వ్యాపించాలని కోరుతుంది. ఇంత స్పష్టంగా విస్తరణ కోరిన చోటే శుక్లయజుర్వేదానికి చెందిన శతపథబ్రాహ్మణం, తన మొదటి కాండలోనే, రొట్టెను మరీ వెడల్పు చేయవద్దని హెచ్చరిస్తుంది. మరీ వెడల్పు చేస్తే అది మనుషుల రొట్టె అయిపోతుందని దాని అభిప్రాయం. మరి ఎంత ఉండాలి? గుర్రపు గిట్టంత అని కొందరు చెప్పారని ఆ గ్రంథమే పూర్వపక్షంగా, అంటే ఖండించడానికి ముందుంచే అభిప్రాయంగా, ప్రస్తావిస్తుంది. గుర్రపు గిట్ట ఎంత ఉంటుందో ఎవరికి తెలుసునని వెంటనే ప్రశ్నిస్తుంది. చేసేవాడు తన మనసుకు మరీ వెడల్పు కాదని తోచినంత చేయాలని తేలుస్తుంది. తెలుగు శ్రౌతులు అనుసరించే ఆపస్తంబ సూత్రం మాత్రం గిట్టనే కొలతగా నిలిపింది: రొట్టె ఎత్తుగా ఉండకూడదు, అప్పంలా ఉండకూడదు, తాబేలు ఆకారంలో గుర్రపు గిట్టంత ఉండాలి.

ఈ రెండు మతాలలో ఏది గొప్పదని అడగడం కన్నా శతపథం వేసిన ఆక్షేపణ ఎంత లోతైనదో చూడడం మేలు. గుర్రాలు ఎన్నో ఉన్నాయి, గిట్టలు ఎన్నో ఉన్నాయి. ఒక వస్తువును మరొక వస్తువుతో కొలవమంటే ఆ రెండోదాన్ని దేనితో కొలవాలన్న ప్రశ్న మళ్లీ పుడుతుంది, దాని వెంట మూడోది వస్తుంది. తార్కికులు దీన్ని అనవస్థ అంటారు, నిలకడ దొరకని పరంపర అని అర్థం. శతపథం ఆ పరంపరను మనిషి బుద్ధి దగ్గర నిలిపింది. అలాగని తోచినట్టు చేయమని వదిలేయలేదు: ధాన్యం నాలుగు పిడికిళ్లని, కపాలాలు ఇన్నని, ఏ దేవతకు ఏది అన్నది ముందే బిగించి, మరీ వెడల్పు కారాదని హద్దు గీసి, ఆ హద్దుకు లోపల మిగిలిన కాస్త చోటును చేసేవాడికి అప్పగించింది. అక్షరం తప్పితే ప్రాయశ్చిత్తం విధించే కర్మకాండ తన నడిబొడ్డున మనిషి వివేకానికి ఇంత గౌరవం ఇవ్వడం గమనించదగినది, భక్తితో తలచుకోదగినది కూడా. ఆపస్తంబుల గిట్టను కూడా ఈ వెలుగులో చదివితే అది కచ్చితమైన కొలబద్ద కాదు, చెయ్యి దారి తప్పకుండా చూపిన గుర్తు.

పొంగని వస్తువు దగ్గర సంగతి వేరు. అవనిగడ్డకు సమీపంలో ఉన్న ఘంటసాల ఒకప్పుడు బౌద్ధక్షేత్రం. భిక్షువుల నియమాలను చెప్పే వినయపిటకం భిక్షాపాత్రలు పెద్దది, నడిమిది, చిన్నది అని మూడు రకాలుగా నిర్ణయించి, ఒక్కోదానిలో ఎంత అన్నం పట్టాలో చెప్పి, అంతకు మించినదీ తక్కువైనదీ పాత్రే కాదంది. భిక్ష స్వీకరించేటప్పుడు పాత్ర అంచుకు సమానంగా పట్టాలి, గోపురంగా పోయించుకోకూడదు. గిన్నెలో రొట్టెకు అంచు కిందే ఆగుతారు, భిక్షువు అంచు దగ్గర ఆగుతాడు. వండిన అన్నం ఇక పెరగదు, పెరిగేది ఆశ ఒక్కటే కనుక అంచే దానికి తగిన హద్దు. తిరుమలలో లడ్డూకు వాడే సరుకుల పట్టికను దిట్టం అంటారు, 1950లో దేవస్థానం దాన్ని నిర్ణయించింది; లడ్డూ కూడా పొంగేది కాదు కనుక దిట్టం అక్షరాలా అమలు చేయడానికి వీలైంది. వస్తువు ముందే పూర్తిగా ఉన్నచోట లిఖితమైన కొలత చాలు.

1841 నుంచి మచిలీపట్నంలో చర్చి మిషనరీ సొసైటీ, 1843 నుంచి రాబర్ట్ నోబుల్ పాఠశాల పనిచేసిన ఈ డెల్టాలో బైబిలు కూడా ఇంటి గ్రంథమే, కేకు కాల్చే ఇళ్లలో మరీను. సంఖ్యాకాండము 15వ అధ్యాయం నైవేద్యపు పిండిని, నూనెను కొలత ప్రకారం చెబుతుంది: గొర్రెపిల్లతో ఏఫాలో పదో వంతు పిండి, హిన్‌లో నాలుగో వంతు నూనె, పొట్టేలుతో రెండు పదో వంతులు, మూడో వంతు, ఎద్దుతో మూడు పదో వంతులు, సగం. పిండి మూడు రెట్లయినా నూనె రెండు రెట్లే అయింది. ఆ గ్రంథం దీనికి కారణం చెప్పదు గాని, రొట్టె పెద్దదైనప్పుడు అన్ని పాళ్లూ ఒకే లెక్కన పెరగవన్న సంగతి దిబ్బరొట్టె కాల్చేవారికి కొత్త కాదు. లేవీయకాండము నైవేద్యంలో పులిసిన పిండిని వద్దంది కనుక అక్కడ పొంగు లెక్క రాదు. రాజులు రెండవ గ్రంథంలో ఎలీషా మాట మీద ఇరుగుపొరుగుల దగ్గర ఖాళీ పాత్రలు ఎరువు తెచ్చుకున్న విధవరాలి కథ మాత్రం ఈ చర్చకు ముఖ్యమైనది: పాత్రలు ఉన్నంతసేపూ నూనె వచ్చింది, పాత్రలు అయిపోగానే ఆగింది. ఇచ్చేవాడి వైపు కొలత లేదు, పుచ్చుకునే పాత్రలే కొలత అయ్యాయి. ఇవ్వండి, అణచి కుదిపి పొర్లేంత కొలతతో మీకూ ఇస్తారన్న లూకా సువార్త బోధ దానం గురించి. దానంలో పొర్లడం పుణ్యం, కాలే గిన్నెలో పొర్లడం నష్టం, ఈ రెండు కొలతలనూ కలపకూడదు.

కాబట్టి పిండి కొలతకు ప్రమాణం ఒక్కచోట లేదు. అడుగు వైశాల్యాన్ని గణితం చెబుతుంది, అందులో సందేహానికి చోటు లేదు. మందాన్ని చేయదలచిన వస్తువు స్వభావం చెబుతుంది. పొంగును మాత్రం అనుభవం కలిగిన బుద్ధి ఒక్కటే అంచనా వేయగలదు. తెలుగులో వచ్చే వంటల పుస్తకాలు, పత్రికల వంటల శీర్షికలు చాలావరకు ఈ మూడింటిలో మొదటిదాన్నే వదిలేస్తున్నాయి: మైదా ఎన్ని కప్పులో, గుడ్లు ఎన్నో రాసి, గిన్నె వెడల్పూ ఎత్తూ రాయడం లేదు. చదివేవారి బుద్ధికి వదలవలసింది పొంగునే గాని గిన్నె కొలతను కాదు. వంటలు రాసేవారు ఇకనైనా గిన్నె ఆకారం, అంగుళాల్లో దాని వ్యాసం, ఎత్తు, పిండి ఎంతవరకు పోయాలన్న గుర్తు తప్పక రాయాలి.